రెండు చెంపలు, ఇరవై నాలుగు వరసలు

మగవాడి ముఖానికి పొద్దున వేపపుల్ల, వారానికొకసారి మంగలి కత్తి ఉంటే చాలుననుకునే రోజులవి. అంతకు మించి ఏదన్నా రాసుకున్నాడంటే వాడు నాటకంలో వేషం కట్టేవాడన్నా అయివుండాలి, పెళ్లికొడుకన్నా అయివుండాలి. నేను మొదటిది కాదు. రెండోది అవుతానో లేదో ఒక్క గంటలో తేలిపోయే స్థితిలో ఉన్నాను. అందుకని ఇరవై రెండేళ్ల వయసులో, నలుగురు పిల్లలకు బుద్ధులు చెప్పే ఎలిమెంటరీ స్కూలు మాస్టరు ఉద్యోగంలో ఉంటూ, పన్నెండు రోజులపాటు నా రెండు చెంపల మీద నేను చేసిన పరిశోధన గురించి ఇన్నాళ్లకు చెబుతున్నాను. (సిగ్గుపడే వయసు దాటిపోయింది. ఆ మాటకొస్తే, పడాల్సిన వయసులో పడాల్సినంత పడనేలేదు.)

మాది కొడవలూరు. ఉద్యోగం మటుకు గూడూరుకు తూర్పున, సముద్రం ఒడ్డున, ఒక చేపలవాళ్ల పల్లెలో వచ్చింది. బస్సు దిగాక నాలుగు మైళ్లు ఇసుకలో నడవాలి. స్కూలంటే తాటాకుల పందిరి, ఒక నల్లబల్ల. ఎండ పైనుంచి కొంత, ఇసుక మీదనుంచి కొంత, నీళ్ల మీదనుంచి కొంత వచ్చి ముఖానికి తగిలేది. నేను పుట్టుకతో చామనచాయ. ఆ చాయకు రెండు ఎండాకాలాలు కలిశాక ఏమైందో చెప్పనక్కర్లేదు. పైగా తలకు తువాలు చుట్టుకుని నడిచేవాణ్ణి కనుక నుదుటి మీద అడ్డంగా ఒక గీత ఏర్పడింది. గీతకు పైన కొడవలూరులో పుట్టినవాడు, గీతకు కింద ఆ పల్లెలో పాఠాలు చెప్పేవాడు, ఇద్దరూ ఒకే ముఖంలో కాపురం ఉండేవాళ్లు. అద్దం చూసుకునే అలవాటు లేదు కనుక నాకు ఇద్దరితోనూ పేచీ లేదు.

అలా ఉండగా గూడూరులో మా పిన్నమ్మ నాకొక సంబంధం చూసింది. అమ్మాయిది గూడూరు పక్కన నిమ్మతోటల పల్లె, మా సంఘం వాళ్లే. నెల్లూరులో మిషనాసుపత్రిలో నర్సు ట్రైనింగు మూడో సంవత్సరం. నేనామెను ఒకే ఒకసారి, క్రిస్మసు కూటంలో, పాటలు పాడేవాళ్ల వరసలో చూశాను. ఆ రోజు పాస్టరుగారు చెప్పిన వాక్యం ఒక్క ముక్క నా తలకెక్కలేదు. ఆమె మాత్రం నన్ను చూడలేదు. అందుకని పిన్నమ్మ వాళ్లకు నా ఫోటో పంపింది. చిక్కంతా అక్కడే వచ్చింది. అది నేను టీచరు ట్రైనింగు అయిపోయినప్పుడు దిగిన ఫోటో. ఆ ఫోటోగ్రాఫరుకు నా మీద ఏం జాలి కలిగిందో ఏమో, నెగటివు మీద పెన్సిలుతో దిద్ది దిద్ది, పాలల్లో ముంచి తీసినట్టున్న కుర్రవాణ్ణి ఒకణ్ణి తయారుచేసి పెట్టాడు. ముక్కు నాది, క్రాపు నాది, మిగతాదంతా వాడి సొంతం.

ఫోటో చూసి అమ్మాయి వైపు పెద్దవాళ్లు సంతోషంగా సరేనన్నారు. అమ్మాయి మాత్రం, "ఆయనతో ఒకసారి మాట్లాడి చెప్తాను" అన్నదట. ఆడపిల్ల నోట ఆ మాట విని పెద్దవాళ్ల నోళ్లు కాసేపు తెరుచుకునే ఉన్నాయని పిన్నమ్మ చెప్పింది. చివరకు పాస్టరుగారు కలగజేసుకుని, రెండు వారాల తర్వాత ఒక శనివారం మధ్యాహ్నం మూడింటి నుంచి నాలుగింటి దాకా ఆసుపత్రి వరండాలో, ఒక పెద్ద నర్సు కనిపెట్టి ఉండగా, మేం మాట్లాడుకోవచ్చునని ఏర్పాటు చేశారు. అవునన్నా కాదన్నా ఆ గంటతోనే. నాకు ఆ అమ్మాయి కావాలి. ఇందులో దాచేదేమీ లేదు, ఆమె కాదంటే ఏమైపోతానో కూడా అప్పట్లో వివరంగా ఊహించుకుని ఉన్నాను. ఆ ఊహల మధ్యలో హఠాత్తుగా ఫోటో గుర్తొచ్చి గుండెల్లో రాయి పడింది. ఆమె ఎదురుచూసేది వాణ్ణి. వెళ్లేది నేను.

సలహాలకు కొదవ లేదు. పిన్నమ్మ నా గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "నిమ్మకాయ కోసి రుద్దుకోరా అబ్బయా. నలుపంతా ఊడొస్తాది. ముందు నిమ్మకాయే, దాని ముందర ఇంకేం రాయబాక" అంది, పది కాయలు సంచిలో వేసి ఇచ్చింది. బజారులో సెంటు సాయిబు కొట్టుకు వెళ్తే (అత్తర్లు, పన్నీరు, దువ్వెనలు, సమస్తం ఆయన దగ్గరే) ఆయన ముఖానికి రాసుకునే స్నో క్రీము బుడ్డీ ఒకటి, ఒక పౌడరు డబ్బా నా చేతిలో పెట్టి, గొంతు తగ్గించి, "ముందు స్నో మాస్టారూ. అది ఆరినాక పౌడరు. స్నో లేకుండా పౌడరు కొడితే సున్నం కొట్టిన గోడే. నిమ్మకాయ పేరు గూడా ఎత్తబాకండి" అన్నాడు. పల్లెలో నేను అద్దెకున్న ఇంటి అక్క, సముద్రం మీద వేటకు పోయేవాళ్ల ఇల్లాలు, ఈ రెండు మాటలూ విని నవ్వింది. "ఉప్పుగాలికి నూనంటే నూనే అయ్యోరూ. ముందు నూనె పట్టించాల. మా ఆయన్ని జూడు, ముప్పై ఏండ్ల నుంచి సముద్రంలో ఎండతా ఉండాడు, మొగం యాడన్నా పగిలిందా? ఉండు, సొరచేప నూనె ఇస్తా" అని లేచింది. కాళ్లావేళ్లా పడి కొబ్బరినూనెకు ఒప్పించాను.

ముగ్గురూ అనుభవం ఉన్నవాళ్లే. ముగ్గురూ 'ముందు' అన్న మాటనే గట్టిగా పట్టుకున్నారు, ఆ ముందు ఏమిటన్నది మాత్రం ముగ్గురికీ మూడు రకాలు. మరొకడైతే ఎవరో ఒకరి మాట విని ఊరుకునేవాడు. నేను లెక్కల మాస్టర్ని. మొదట ఏది రాయాలన్నదానికి నాలుగు దారులు, దాని తర్వాతి దానికి మూడు, ఆపైన రెండు, చివరికి మిగిలేది ఒకటి. నాలుగు వస్తువులకు ఇరవై నాలుగు వరసలు. ఎల్లుండి సోమవారం మొదలుపెడితే, పైవారం శుక్రవారం దాకా పన్నెండు రోజులు. దేవుడు నాకిచ్చినవి రెండు చెంపలు. పన్నెండు రెళ్లు ఇరవై నాలుగు! ఆ లెక్క తేలినప్పుడు నాకు ఒళ్లు పులకరించిన మాట నిజం. ఇంత చక్కగా కుదిరిందంటే ఇది దైవసంకల్పమేనని నమ్మాను. పెళ్లి సంగతి కాసేపు మరిచేపోయాను, అసలు ఏ వరస మీద ఏమవుతుందో చూడాలన్న కుతూహలం అంతగా పట్టుకుంది.

పిల్లల మార్కుల పుస్తకం చివరి పేజీలో గడులు గీశాను. తెలుపుకు నాలుగు మార్కులు, నునుపుకు మూడు, రాలకుండా ఉన్నందుకు మూడు, వెరసి పది. రోజూ తెల్లవారాక, స్కూలుకు ముందు, తలుపు వేసుకుని కుడి చెంప మీద ఒక వరస, ఎడమ చెంప మీద ఇంకొకటి. పావుగంట ఆగి, అద్దం ముక్కలో చూసి, నిష్పక్షపాతంగా మార్కులు వేసి, కడుక్కుని బడికి వెళ్లేవాణ్ణి. ఎన్ని సంగతులు తెలిశాయనుకున్నారు! స్నో మీద నిమ్మరసం పిండితే అది పాలు విరిగినట్టు విరిగిపోతుంది. పౌడరు మీద నూనె రాస్తే చెంప మీద పిండి కలిపినట్టే. పౌడరు మీద స్నో రుద్దితే సన్నటి ఉండలు కట్టి, రుద్దేకొద్దీ చెవుల వైపు దొర్లుకుంటూ పోతుంది. నూనె మీద నిమ్మరసం నిలవదు, జారి నేరుగా కంట్లోకి వస్తుంది. (ఆ వరసకు సున్నా వేసి, ఆ రోజు మొదటి పీరియడంతా ఒంటికన్నుతో పాఠం చెప్పాను.) ఇవన్నీ ఏ పుస్తకంలోనూ లేవు. ఒక దశలో ఈ రిజిస్టరును ఎవరికన్నా పెద్దవాళ్లకు పంపించాలేమోనని కూడా అనుకున్నాను.

ఇంటి అక్కకు నాలుగో రోజుకే అనుమానం వచ్చింది. "అయ్యోరూ, పొద్దన్నే తలుపేసుకోని ఏం జేస్తా ఉండావు?" అని వాకిట్లో నిలబెట్టి అడిగింది.

"ప్రార్థన అక్కా" అన్నాను.

"ప్రార్థనకు నా కొబ్బరినూనె ఎందుకయా అంత?"

ప్రవక్తల కాలం నుంచీ నూనె వాడుక ఉందని ఏదో గొణిగాను. ఆమె నా చెవి పక్కకు వంగి చూసి, "చెవి కాడ ఇదేందయా, పిండి?" అంది. నేను సుద్దముక్క పొడి అని చెప్పి బడికి పరుగెత్తాను. ఒక ప్రార్థన మీద రెండు అబద్ధాలు. అయినా ఆదివారం కూడా ప్రయోగం ఆపలేదు, ఒక్క రోజు ఆపితే లెక్క చెడుతుంది.

ఎనిమిదో రోజున కొత్త సంగతి కనపడింది. రెండు చెంపల మీదా అక్కడక్కడ ముదురు గోధుమరంగు మచ్చలు. తుడిస్తే పోలేదు, సబ్బుతో తోమితే ఇంకా కొట్టొచ్చినట్టు కనపడ్డాయి. తెల్లబడదామని బయలుదేరినవాడు ఉన్న రంగు మీద ఇంకో రంగు తెచ్చుకున్నాడు. ఎవరైనా అక్కడ ఆగిపోతారు. నేను ఆగలేదు, ఆలోచించాను. లోపల ఎక్కడో దాగి ఉన్న నలుపు నిమ్మరసం దెబ్బకు పైకి వస్తోంది, పైకి వచ్చింది ఎలాగూ పోతుంది, కనుక ఇది శుభసూచకం అని తేల్చి, నిమ్మరసం రెట్టింపు చేశాను. (ఈ తర్కాన్ని ఏ పిల్లవాడన్నా నాకు జవాబుగా రాసి ఉంటే వాణ్ణి బెంచీ ఎక్కించి ఉండేవాణ్ణి.) మర్నాడు, అంటే తొమ్మిదో రోజు, ఎడమ చెంప మీద గెలుపు వరస దొరికింది. ముందు నిమ్మరసం, అది ఆరాక పలచగా నూనె, దాని మీద స్నో, ఆఖరున పౌడరు. పదికి ఎనిమిదిన్నర. మిగిలిన రోజుల్లో దాన్ని మించింది రాలేదు. చక్కగా అతుక్కుంది, మచ్చలు మునిగిపోయాయి, నుదుటికి కాస్త రాసి చూస్తే అక్కడి గీత కూడా చెరిగిపోయింది. నా బుర్రకు తట్టనిదల్లా ఒకటే, ఈ పరీక్షలన్నీ తలుపు వేసిన గదిలో, నీడపట్టున, కదలకుండా కూర్చుని పావుగంటసేపు చేసినవి.

శుక్రవారం సాయంత్రం గూడూరు చేరి పిన్నమ్మ ఇంటి అరుగు మీద కూర్చున్నాను. పిన్నమ్మ అభ్రకం షెడ్డులో పనిచేసేది. అక్కడ ఆడవాళ్లు వరసగా కూర్చుని అభ్రకం పలకలను కత్తితో పొరలు పొరలుగా విడదీస్తారు. పని విడిచి ఆమె వీధి మలుపు తిరిగి వస్తూంటే పడమటి ఎండ ముఖాన పడింది. చెక్కిళ్ల మీద, కనుబొమల మీద సన్నటి తళుకు. కదిలితే మెరుస్తోంది, ఆగితే మెరుస్తోంది. మా పిన్నమ్మ అంత అందంగా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. ఆవిడేమో "అబ్బబ్బ, ఒళ్లంతా ఒకటే దురద" అంటూ, పనిలో నడుముకు చుట్టుకునే గుడ్డను అరుగు మీద పడేసి, ముఖం కడుక్కోవడానికి దొడ్లోకి పోయింది. నేను ఆ గుడ్డ వంక చూశాను. మడతల్లో చిటికెడు అభ్రకం పొడి ఉంది. తెలుపుకు నాలుగు మార్కులు వేశాను గానీ మెరుపు అనే గడి ఒకటి గీయనేలేదే అన్న దిగులు పట్టుకుంది.

వస్తువులు అయిదైతే వరసలు నూట ఇరవై. చెంపలు రెండే. అరవై రోజులు కావాలి, నాకున్నది ఒక్క పూట. అప్పుడు నాకు ఒక ఉపాయం తోచింది. పొడిని పౌడరు డబ్బాలో వేసి కలిపేస్తే అది అయిదో వస్తువు కిందికి రాదు గదా! శనివారం పిన్నమ్మ పనికి వెళ్లాక అద్దం ముందు కూర్చున్నాను. ప్రయాణం ఉంది కదా, దారిలో అరిగిపోతుందని ప్రతి పూతా రెండేసి సార్లు వేశాను. నిమ్మరసం, నూనె, స్నో, తళుకు పౌడరు. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని అద్దంలో చూసుకుంటే ఫోటోలో వాడే నిలబడి ఉన్నాడు. ఇంకా చెప్పాలంటే వాడికి లేని కాంతి కూడా నాకుంది. ప్రాణం లేచివచ్చింది.

స్టేషనుకు పోయేలోపలే స్నో కింది నూనె పైకి తేలి కారడం మొదలుపెట్టింది. అందుకని రైల్లో గాలి తగిలే చోటు చూసుకుని, ఇంజనుకు రెండో పెట్టెలో కిటికీ పక్కన కూర్చున్నాను. బొగ్గు ఇంజను. నూనె పూసుకున్న ముఖాన్ని దానికి ఎదురుగా పెట్టి కూర్చున్నవాణ్ణి నేను తప్ప ఇంకొకణ్ణి ఆ రైలు చూసి ఉండదు. ఎదురు బల్ల మీది పెద్దావిడ కాసేపు నన్నే చూసి, పక్కనున్న మనవరాలిని దగ్గరికి లాక్కుని కొంగు కప్పింది. కాస్త కళగా ఉన్న మగవాడు ఎదురుగా కూర్చుంటే ఆ మాత్రం జాగ్రత్త ఉండాల్సిందేనని నేను సర్దుకున్నాను. చేతిరుమాలుతో ముఖం అద్దుకుందామా అనిపించింది గానీ, అద్దితే మార్కులు పోతాయని ఊరుకున్నాను.

ఆసుపత్రి గేటు దగ్గర వాచ్‌మన్ నన్ను చూడగానే, నేను నోరు విప్పకముందే, ఎంతో దయగా, "చర్మం జబ్బులకు ఎడమపక్కన బాబూ. ఈ రోజు డాక్టరమ్మ ఉండాది, ఏం భయపడబాక" అన్నాడు. చూడవలసిన మనిషి ఉందని చెప్పి వరండాలోకి వెళ్లాను. ఒక చివర పెద్ద నర్సు కుర్చీలో కూర్చుని లెక్కల పుస్తకమేదో చూసుకుంటోంది. నేను రెండో చివర బెంచీ మీద కూర్చున్నాను. మూడు కొట్టగానే ఆమె వచ్చింది. తెల్ల చీర, తెల్ల టోపీ. నన్ను దాటి వెళ్లింది. వరండా చివరిదాకా చూసి, వెనక్కు తిరిగి, మళ్లీ నన్ను దాటి వెళ్లింది. మూడోసారి దాటబోతూంటే లేచి నిలబడి, "నేనేనండీ" అన్నాను.

"నేనంటే ఎవురు?" అన్నదామె. తర్వాత నా ముఖంలోకి చూసింది. ఆ చూపులో అసహ్యం లేదు, కోపం లేదు, జబ్బు మనిషిని చూసినప్పుడు వాళ్లకు వచ్చే శ్రద్ధ ఉంది. అది ఇంకా భయంగా ఉంది. "కూర్చోండి" అని తనూ ఎదురుగా ముక్కాలిపీట లాక్కుని కూర్చుంది. "ఎప్పటి నుంచి ఇట్ట ఉంది?"

"పన్నెండు రోజుల నుంచి" అన్నాను. అబద్ధం ఎలా అవుతుంది?

"దురద ఉందా?"

"ఈ పూటే మొదలైంది."

"ఇంట్లో ఇంకెవురికన్నా ఉందా?"

"లేదండీ... ఇది జబ్బు కాదండీ. పూత."

ఆమెకు అర్థం కాలేదు. అర్థమయ్యేలా చెప్పడానికి నాకు మూడు నిమిషాలు పట్టింది. ఇంటి దగ్గర ఆమెతో మాట్లాడాలని వల్లెవేసుకున్న మాటలు, జీతం, సర్వీసు, ప్రార్థనా జీవితం, అన్నీ ఎగిరిపోయి, నిమ్మరసం నూనె స్నో పౌడరు మాత్రమే మిగిలాయి. మార్కుల పుస్తకం సంగతి కూడా చెప్పేశాను. ఆమె నవ్వుతుందేమోనని చూశాను, నవ్వలేదు. కనుబొమలు ముడిచి, వేళ్లు మడుస్తూ లెక్కపెట్టింది. "స్నో మీద నిమ్మరసం ఎయ్యంగానే ఇరిగిపోయిందా? నిజంగానా?" అని అడిగింది. నిజమేనన్నాను. "మరి ఈ నల్లదేంది, పైన?" అంది. అది రైలు వాళ్లు వేసిందని చెప్పాను.

అప్పుడు లేచి లోపలికి పోయింది. ఇక రాదనుకున్నాను. బేసిను, దూది, సీసాలో నూనె, సబ్బు పట్టుకుని వచ్చింది. "కండ్లు గట్టిగా మూసుకోండి. ఈ తళుకు కంట్లో పడితే గీసుకపోతాది" అని దూదిని నూనెలో ముంచి నుదుటి దగ్గర మొదలుపెట్టింది. నేను పన్నెండు రోజులు తలకిందులైనా తెలియని సంగతి ఆమె చేతికి తెలుసు, తియ్యడానికి కూడా ఒక వరస ఉంది. ముందు నూనె దూది, తర్వాత సబ్బు నీళ్లు, ఆ తర్వాత ఉత్త నీళ్లు, కంటి దగ్గర నుంచి బయటికే గానీ లోపలికి తుడవకూడదు. బేసినులో నీళ్లు మొదట నల్లగా, రెండోసారి తెల్లగా, మూడోసారి తళతళలాడుతూ ఉంటే పారబోసింది. చెంపల దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగింది.

"ఈ మచ్చలు పూత కాదు. నిమ్మరసం రాసుకోని ఎండలోకి పోయినారా?"

"కడుక్కునే పోయానండీ."

"కడిగితే పోదు అది. మా నాయనకు చేతుల నిండా ఇవే. నిమ్మకాయలు కోసేవాళ్లందరికీ ఎండలో ఇట్టనే నల్లబడతాది. గూడూరులో ఎవుర్నడిగినా చెప్పుంటారు గదా!"

"తగ్గడానికి ఏం రాసుకోవాలండీ?" అన్నాను.

"ఏం రాసుకోకూడదు" అంది.

కళ్లు తెరవమన్నప్పుడు తెరిస్తే ఆమె ముఖం జానెడు దూరంలో ఉంది. పన్నెండు రోజులు అద్దంలో పౌడరు తప్ప ఇంకేమీ చూడని కన్ను నాది. ఆమె చెవి పక్కన, టోపీ అంచు కింద, స్నో తగలని చోట పౌడరు తెల్లగా గీతగా నిలిచి ఉంది. కొత్తది, హడావుడిగా రాసుకున్నది. ఈమె కూడా నా కోసమేనా? ఆ ఆలోచన వచ్చినందుకే ఒళ్లు వేడెక్కి తల దించుకున్నాను. ఆమె "ఎందుకండీ ఇదంతా?" అని అడిగింది. "ఫోటోలో ఉన్నట్టు కనపడాలని" అన్నాను.  ఆమె దూది బేసినులో వేసింది. అంతలో నాలుగు కొట్టారు, పెద్ద నర్సు పుస్తకం మూసి లేచి నిలబడింది. ఆమె బేసిను తీసుకుని, వెనక్కి తిరిగి చూడకుండా లోపలికి వెళ్లిపోయింది. అవునని గానీ కాదని గానీ ఒక్క మాట లేదు.

తిరుగు రైల్లో కూడా కిటికీ పక్కనే కూర్చున్నాను. ఎంత బొగ్గు పడితే అంత పడనీ అనుకున్నాను. ఏడుపు వచ్చిన మాట కూడా నిజమే. గూడూరులో దిగేసరికి పిన్నమ్మ పని నుంచి వచ్చి వాకిట్లోనే కాచుకుని ఉంది.

"ఏమన్నదిరా పిల్ల?"

"ఏమీ అనలా పిన్నమ్మా."

"ఏమీ అనకుండా గంటసేపు ఏం జేసినారు?"

"ముఖం కడిగింది."

"ఎవురి మొగం?"

"నా ముఖమే. నూనెతో తుడిచి, సబ్బు పెట్టి, మూడుసార్లు."

పిన్నమ్మ గడప మీద చతికిలబడింది. "తన చేత్తోనే?" అంది. అవునన్నాను. "ఓరి పిచ్చి నాయనా, ఇంక అడిగేదేముందిరా!" అని పెద్దగా నవ్వడం మొదలుపెట్టింది.

"నర్సు గదా పిన్నమ్మా, అది ఆమె పని" అన్నాను దిగులుగా.

"పనే అయితే దూది నీ చేతికిచ్చి తుడుచుకోమనేది. మగోడి మొగం మూడు తూర్లు కడిగిన పిల్ల కాదంటుందంట్రా! నేను చెప్తా ఉండాను, రాసిపెట్టుకో."

నాకు నమ్మకం కలగలేదు. పల్లెకు వెళ్లి, మార్కుల పుస్తకం చివరి పేజీ చింపి పొయ్యిలో వేసి, మచ్చల ముఖంతోనే బడికి వెళ్లాను. పిల్లలు అడిగితే ఎండదెబ్బ అని చెప్పాను. (ఆ మాట మాత్రం అబద్ధం కాదు.) పైవారం పాస్టరుగారి దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. అమ్మాయికి సమ్మతమే, మే నెలలో పెళ్లి పెట్టుకోవచ్చునని. ఉత్తరం పట్టుకుని సముద్రం దాకా పరుగెత్తి, మళ్లీ పరుగెత్తుకుంటూ వచ్చి, ఇంటి అక్కకు చదివి వినిపించాను. ఆ రోజు నేనెంత బతిమాలినా వినకుండా అక్క పండగలా సొరచేప నూనె నా రెండు చెంపలకూ పట్టించింది.

పిన్నమ్మ చెప్పిందే నిజమని నేను ముప్పై ఏళ్లపాటు నమ్మాను. కడిగినప్పుడే ఒప్పుకుందని, నాకే అర్థం కాలేదని, పదిమందికి చెప్పుకుని మురిశాను కూడా. పిన్నమ్మ చనిపోయిన ఏడాది, ఒక మధ్యాహ్నం, ఆవిడ జ్ఞాపకాలు మాట్లాడుకుంటూ ఆ మాట మా ఆవిడతోనే అన్నాను. ఆమె చేటలో బియ్యం చెరుగుతోంది. చెరగడం ఆపలేదు.

"పిన్నమ్మకేం తెలుసు, పాపం. అప్పటికి నేనేమీ అనుకోలా."

"మరి ఎందుకు కడిగినట్టు?"

"ఆ ఫోటోలో ఆయన అడుగున ఉండాడేమో చూద్దామని."

నేను అడిగాను. "ఉన్నాడా?"

"లేడు. ఎవురో నల్లటాయన, మచ్చలేసుకోని, కండ్లు గట్టిగా మూసుకోని, వణకతా కూర్చోనుండాడు." చేట కింద పెట్టి నావైపు చూసింది. "ఫోటో చూసినప్పటి నుంచి నాకు పది దినాలు నిద్ర లేదు. అంత తెల్లటాయన నన్ను జూసి ఏమంటాడోనని. ఆయనే వచ్చుంటే కాదనే చెప్పుండేదాన్ని."

నేను లేచి, గడ్డం గీసుకునే అద్దం దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. జుట్టు అప్పటికే చాలావరకు తెల్లబడిపోయింది. ముఖం మటుకు, దేవుడి దయవల్ల, అలాగే ఉంది.